నల్లరాయి వెనకవైపు

నాకు యాభై ఏళ్లు వచ్చేదాకా అక్షరాలు రావు. అందుకే ఈ సంగతి ఇంతకాలం రాయలేదని చెప్పుకుంటే అది సగమే నిజం. అక్షరాలు వచ్చి మూడేళ్లు దాటింది. ఈ మూడేళ్లలో సరుకుల చీటీలు రాశాను, ఊళ్లో ఉన్న మేనత్త కూతురికి ఉత్తరాలు రాశాను, ఆదివారం ప్రార్థనలో చదివిన వాక్యాలు నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. ఇది మాత్రం రాయలేదు. రెండుసార్లు మొదలుపెట్టి నాలుగు వరసలు దాటకుండానే ఆపేశాను. గీతలు గీసే పని నా చేతికి కొత్త కాదు. ఒకసారి ఆ పనే చేసి ఒకావిడకు తీరని నష్టం చేశాను. అక్షరాలు వచ్చాక గానీ ఆ నష్టం ఎంతటిదో నాకు పూర్తిగా అర్థం కాలేదు.

మా నాన్న రోళ్లకూ తిరగళ్లకూ కక్కు కొట్టేవాడు. వాడగా వాడగా రాయి నున్నబడి పప్పు నలగదు, కారం మెదగదు. అప్పుడు ఉలితో రాతి మీద వరసగా సన్నసన్న గంట్లు పెట్టాలి. అదే కక్కు కొట్టడం. గుంటూరు జిల్లా పల్లెల్లో మా నాన్న సంచీ భుజాన వేసుకుని వీధి మొదట్లో నిలబడి కేక వేస్తే ఆడవాళ్లు రోళ్లు దొర్లించుకుంటూ గుమ్మాల్లోకి తెచ్చేవారు. మా అమ్మ పోయాక చెల్లెల్ని మిషన్ హాస్టల్లో చేర్చి నన్ను తన వెంట తిప్పుకున్నాడు. ఎందుకు అది హాస్టలుకీ నేను ఎండలోకీ వెళ్లామో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తొమ్మిదేళ్లకు ఉలి పట్టాను. పన్నెండేళ్లకు, నడుమ నుంచి అంచుకు ఎండ కిరణాల్లాగా గంట్లు తీర్చడంలో మా నాన్నంత దాన్నయ్యాను. చెల్లెలు చదువుకుని నర్సయింది, పెళ్లి చేసుకుని అమెరికా వచ్చింది.

నా భర్త పోయాక, పిల్లలు లేనిదాన్ని కదా అని చెల్లెలే కాగితాలు పెట్టి నన్ను పిలిపించుకుంది. డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో వర్జీనియాలో హెర్న్‌డన్‌కు వచ్చాను. మా మరిది షాంటిలీ వైపు ఒక ఆఫీసులో ఇంజినీరు. చెల్లెలు ఆసుపత్రిలో పని. వాళ్లకు ఒక్కతే కూతురు, అప్పటికి పదకొండేళ్లది. పొద్దున ఏడున్నరకల్లా ఇల్లు ఖాళీ అయ్యేది. నేనూ, గోడలూ. చెల్లెలూ మరిదీ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ ఇంట్లో ఏ వస్తువు మీద చూసినా అక్షరాలే. స్టవ్ మీద, బట్టలుతికే మిషన్ మీద, పాల డబ్బా మీద. నేను ముట్టుకుంటే ఏదో ఒకటి చెడిపోతుందని భయంగా ఉండేది. ఒకసారి అంట్లు తోమే మిషన్‌లో బట్టల సబ్బు పోశాను. నురగ వంటిల్లంతా పారింది. మరిది నవ్వుతూనే తుడిచాడు. ఆ రోజు నుంచి, ఇంకో రెండు పొరపాట్లు చేస్తే నన్ను తిరిగి పంపించేస్తారని నాకు నేనే లెక్క పెట్టుకున్నాను. ఎవరూ అనని మాట అది.

పక్కింట్లో మెక్సికో ఆవిడ ఒకతె అద్దెకుండేది. చెల్లెలి ఆసుపత్రిలోనే దుప్పట్లు ఉతికే చోట పని చేసేది. భర్త పోయాడు, నా ఈడుది. ఆవిడకు వచ్చిన ఇంగ్లీషు తక్కువ, నాకు అసలే రాదు. అయినా రోజూ మధ్యాహ్నం ఇద్దరం వెనకవైపు మెట్ల మీద కూర్చునేవాళ్లం. నన్ను కొమాద్రే అని పిలిచేది. మన వైపు వరస లేకపోయినా వదినా అని పిలుచుకుంటాం చూడండి, అలాంటి పిలుపట. పిల్ల చెప్పింది. ఆవిడ వెనక పెరట్లో మిరప మొక్కలు వేసింది. ఒక రోజు రెండు చేతులూ ముందుకూ వెనక్కూ ఆడించి, వాళ్ల ఊళ్లో రాతి మీద మొక్కజొన్నలు నూరడం చూపించింది. నేను రుబ్బురోలు తిప్పడం చూపించాను. ఇద్దరికీ ఇక్కడ రాయి లేదు. ఇద్దరం చేతులు తిప్పుకుని నవ్వుకున్నాం.

ఆవిడ ఇంట్లో మొదటిసారి ఆ రాయిని చూసినప్పుడు తిరగలి అనుకున్నాను. చాటంత వెడల్పు, నాలుగు వేళ్ల మందం, గుండ్రంగా నల్లగా ఉంది. కిటికీ అరుగు మీద గోడకు ఆనించి ఉంది. దగ్గరికి వెళ్తే నడుమ ఒక ముఖం, నాలుక బయటికి చాచి. ముఖం చుట్టూ గళ్లు, గళ్ల చుట్టూ వలయాలు, చిట్టచివర అంచున రెండు పాములు. మా ఊరి పొలిమేరలో ఉండే అమ్మవారు గుర్తొచ్చి, క్రైస్తవురాలిని కదా, ఒక అడుగు వెనక్కి వేశాను. కానీ పనితనం మీద నుంచి కళ్లు పక్కకు పోలేదు. అంత గట్టి రాతిలో అంత సన్నగా ఉలి నడిపించడం నాకు తెలిసినవాళ్లలో ఎవరికీ చేతకాదు. పిల్ల మధ్యలో ఉండి చెప్పింది: ఆవిడ భర్త రాతి పనివాడు. వాళ్ల దేశంలో పెద్ద రాయి ఒకటుంది, దాన్ని చూసి చిన్నచిన్నవి చెక్కి చూడవచ్చినవాళ్లకు అమ్మేవాడు. ఇది మాత్రం అమ్మలేదు. నేను నా ఛాతీ మీద చెయ్యి వేసుకుని ఉలి పట్టినట్టు వేళ్లు చూపించాను, మా నాన్న, నేను కూడా అని. ఆవిడ నా చెయ్యి తీసుకుని తన చెంపకు ఆనించుకుంది.

మరుసటి ఏడు ఆగస్టులో ఆవిడ తల్లి జారిపడి తుంటి విరిగిందని కబురొచ్చింది. అద్దె ఇల్లు వదిలేసి వెళ్లాల్సి వచ్చింది. రెండు అట్టపెట్టెలూ ఈ రాయీ మా ఇంట్లో దాచిపెట్టమని ఇచ్చింది. రాయిని మాత్రం తనే ఎత్తుకొచ్చి నా చేతుల్లో పెట్టింది. చెల్లెలి చేతుల్లో కాదు, నా చేతుల్లో. మిరప మొక్కలు కూడా చూపించి, కోసుకో అని సైగ చేసింది.

రాయి కింద బేస్‌మెంట్‌లోకి వెళ్లింది. చెల్లెలే పెట్టించింది.

"అక్కా, హాల్లో వద్దే. అక్టోబర్‌లో ప్రేయర్ మనింట్లోనే. అమ్మగారు చూశారంటే విగ్రహం పెట్టుకున్నారని చర్చంతా టాకింగ్."

అమ్మగారంటే మా తెలుగు సంఘంలో పెద్దావిడ. అప్పట్లో మాకు గుడి లేదు. నెలకో ఇంట్లో ప్రార్థన పెట్టుకునేవాళ్లం. పది పన్నెండు కుటుంబాలు, అందరూ డాక్టర్లో ఇంజినీర్లో. వాళ్ల ముందు నేను నోరు విప్పేదాన్ని కాదు. పాటల పుస్తకం చేతికిస్తే తెరిచి పట్టుకుని పెదాలు కదిపేదాన్ని. ఒకసారి తలకిందులుగా పట్టుకున్నాను. పక్కనున్నావిడ ఏమీ అనకుండా మెల్లగా తిప్పి ఇచ్చింది. ఆ మంచితనం నాకు దెబ్బలాగా తగిలింది. అక్టోబర్ ప్రార్థనకు వంట నేనే చేస్తానన్నాను. నాకు వచ్చింది అదొక్కటే కదా.

అప్పటికి పక్కింటి పెరట్లో మిరపకాయలు పండి ఎర్రగా ఉన్నాయి. గిన్నెడు కోసి తెచ్చాను. పండుమిరపకాయ పచ్చడి చేద్దామని. ఇంట్లో ఉన్న మిక్సీలో వేస్తే మొదటి వాయి నీళ్లలాగా దిగింది. గింజ గింజలాగా, తోలు తోలులాగా. ఆ పచ్చడి పెట్టడం కంటే పెట్టకపోవడం నయం. చెల్లెలు ఫోన్లో ఎవరితోనో అంటోంది: "మా అక్కకి రోలు కావాలంట. వైట్‌హౌస్ వాళ్లని అడగమన్నా, వాళ్ల దగ్గర అన్నీ ఉంటాయిగా." నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే కింద ఉన్న నల్లరాయి గుర్తొచ్చింది.

ముఖం మీద నూరాలని నేను అనుకోలేదు. ఆ మాట ఇప్పుడు చెప్పుకున్నా ఎవరికీ ఉపయోగం లేదు కానీ, నిజం. వెనకవైపు సమంగా ఉంటుంది కదా, సన్నికల్లులాగా వాడుకుని కడిగి పెట్టేద్దాం అనుకున్నాను. బేస్‌మెంట్‌లో బల్బు ఒక్కటే, అదీ మెట్ల దగ్గర. తువ్వాలు నాలుగు మడతలు వేసి దాని మీద రాయిని బోర్లించాను. చేత్తో తడిమితే గంట్లు తగిలాయి. అంచు పొడుగునా గుండ్రంగా మూడు వరసలు, సన్నగా, పైపైన.

కక్కు ఉంది, అరిగిపోయింది అనుకున్నాను.

ఆ క్షణాన నాకు కలిగిన సంతోషం రాయకపోతే మిగతా రాసింది అబద్ధమవుతుంది. ఈ రాయి వెనక వాళ్లూ నూరుకునేవారన్నమాట అనుకున్నాను. గంట్లు ఒక తీరున లేవు. ఒకటి నిలువు, ఒకటి వంకర, ఒకటి సున్నాలాగా చుట్టుకుపోయి ఉంది. ముఖం అంత బాగా చెక్కినవాడికి కక్కు కొట్టడం రాలేదే, ఈ పని మా నాన్న దగ్గర నేర్చుకోవాల్సింది అనుకున్నాను. మరిది పనిముట్ల పెట్టెలో సుత్తీ, ఇనుము కోసే ఉలీ దొరికాయి. ఒక పక్కన కూర్చుని, పాత గంట్ల మీదుగా నడుమ నుంచి అంచుకు కొత్తవి పెట్టుకుంటూ వచ్చాను. పద్దెనిమిదేళ్ల తరవాత ఉలి పట్టాను. నాలుగు దెబ్బలకే చేతికి పాత లెక్క వచ్చేసింది. చిన్న దెబ్బ, చిన్న దెబ్బ, జరుపు. నా మొహం మీద రాతిపొడి పడుతుంటే ఊదుకుంటూ, ఏదో పాట కూనిరాగం తీస్తూ, ఈ దేశానికి వచ్చాక మొదటిసారి నాకు చేతనైన పని చేస్తున్నానని పొంగిపోయాను. గంట పైనే పట్టింది. తరవాత కడిగి, మిరపకాయలూ ఉప్పూ చింతపండూ వేసి, వాగు దగ్గర ఏరుకొచ్చిన గుండ్రాయితో నూరాను.

పచ్చడికి ఎంత పేరొచ్చిందో చెప్పలేను. అమ్మగారు రెండోసారి అన్నం పెట్టించుకుని, ఇది రోటి పచ్చడే, నా నాలుకకు తెలీదా, రోలెక్కడిది అని అడిగారు. కింద ఉన్న ముఖం నా కళ్ల ముందు మెదిలింది. మిక్సీలోనేనండి, ఆపుతూ ఆపుతూ తిప్పానని చెప్పాను. అది మొదటి అబద్ధం. ఆ పూట అందరూ నాతో మాట్లాడారు. ఒకావిడ వచ్చి పక్కన కూర్చుంది. నాకు చాలా హాయిగా అనిపించింది.

నవంబర్లో పిల్లకు స్కూల్లో పాతకాలపు కాలెండర్ల గురించి ఏదో రాసుకురమ్మన్నారు. లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చుకుని నాకు బొమ్మ చూపించింది. అదే ముఖం, అదే నాలుక. అసలు రాయి మనిషికి రెండింతల ఎత్తట. అజ్టెక్ అనే జాతివాళ్లు చెక్కారట. తెల్లవాళ్లు వాళ్లను గెలిచాక జనం దాన్ని చూడకుండా బోర్లా పాతిపెట్టారట. ఎంతో కాలానికి ఊరి నడుమ నేల తవ్వుతుంటే బయటపడిందట. బోర్లా అనే మాట దగ్గర నా చేతిలో కూర కోసే కత్తి ఆగింది. పిల్ల గమనించలేదు. బొమ్మ గీసుకోవడానికని కాగితం పట్టుకుని బేస్‌మెంట్‌లోకి వెళ్లింది. కాసేపటికి పైకి వచ్చింది. మెట్ల పైన నిలబడే అడిగింది.

"పెద్దమ్మా, రాక్ బ్యాక్ సైడ్ లెటర్స్ ఉన్నాయి కదా. ఎక్కడ పోయాయి?"

ఏ లెటర్స్ అన్నాను.

"అంకుల్ కార్వ్ చేశాడు ఆంటీ కోసం. ఆంటీ నాకు చూపించింది, చదివించింది కూడా. ఫస్ట్ ఆంటీ నేమ్. తరవాత... మిగతావన్నీ అమ్మడానికి చేశాను, ఇది నీకు అని." పిల్ల మొహం చూస్తూ ఉంది. "ఇప్పుడు అన్నీ లైన్స్ ఉన్నాయి. ఇట్ స్మెల్స్ లైక్ పచ్చడి."

స్టవ్ ఆపేసి కిందికి వెళ్లాను. రాయిని బోర్లించి చూశాను. నేను పెట్టిన గంట్లు ముద్దుగా, వరసగా, ఎండ కిరణాల్లాగా ఉన్నాయి. వాటి మధ్య ఎక్కడో ఒక వంపు, ఎక్కడో ఒక చుక్క మిగిలింది. పనిరానివాడు కొట్టాడని నేను అనుకున్న ఆ వంకర గంట్లు ఒక మనిషి తన భార్య పేరు రాసుకున్నవి. నాకు చదువు రాకపోవడం అప్పటిదాకా నా ఒక్కదాని కష్టం అనుకునేదాన్ని. అది ఇంకొకరి ఇంట్లోకి వెళ్లి ఇలా చేయగలదని తెలియదు.

అప్పుడే చెల్లెలికి చెప్పి ఉండాల్సింది. పిల్లను దగ్గరికి పిలిచి, మీ అమ్మతో అనకు అన్నాను. ఎందుకని అడిగితే, అంటే నన్ను పంపించేస్తారు అన్నాను. పన్నెండేళ్ల పిల్ల నెత్తిన అంత మాట పెట్టాను. అది తల ఊపి వెళ్లిపోయింది. ఆ తరవాత నేను ఏ గదిలో ఉంటే ఆ గదిలోకి వచ్చి ఊరికే కూర్చునేది.

ఆ శీతాకాలమంతా ఆ ముఖం నన్ను వదల్లేదు. పిల్ల పుట్టినరోజుకు మెక్సికో హోటల్‌కు తీసుకెళ్లారు. గోడ మీద ప్లాస్టర్‌తో చేసింది, బండి చక్రమంత, బంగారు రంగు వేసి. మెనూ అట్ట మీద అదే. బిల్లు తెచ్చినవాడి బెల్టు బిళ్ల మీద అదే. ఆదివారం పాత సామాన్ల సంతకు వెళ్తే ఒకడు బల్ల మీద వరసగా పరిచాడు: తాళం చెవుల బిళ్లలు, సిగరెట్ బూడిద పళ్లేలు, గడియారాలు, రాతిలాగా కనబడే ఒక నల్ల పలక. ఆ పలక దాదాపు ఆవిడ రాయంతే ఉంది. ఎత్తి చూశాను, తేలిగ్గా ఉంది. తిప్పి చూశాను. వెనక నున్నగా, ఖాళీగా. దీన్ని చేతిలో పెట్టేస్తే, రాయి పగిలిందమ్మా, బదులు ఇది తెచ్చాను అంటే, అని ఒక ఆలోచన వచ్చింది. చాలాసేపు ఆ పలకను పట్టుకుని నిలబడ్డాను. ముఖాలన్నీ ఒకటే. ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. ఆయన కూడా అలాంటివి ఎన్నో చెక్కి అమ్మాడు. వెనక ఉన్న మూడు వరసలే ఇంకెక్కడా లేవు. వాటి మీద నేను కారం నూరాను. పలకను కింద పెట్టేసి వచ్చాను. అలా పెట్టేసినందుకు అప్పుడు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా, ఏదో మంచిపని చేసినట్టు.

మార్చిలో ఆవిడ తిరిగి వచ్చింది. తల్లిని మట్టి చేసి వచ్చింది. మా వీధికి అవతల రెండో వీధిలో ఎవరి ఇంట్లోనో గది తీసుకుంది. ఒక శనివారం మధ్యాహ్నం తన పెట్టెల కోసం మా ఇంటికి వచ్చింది. బాగా చిక్కిపోయింది. నన్ను కౌగిలించుకుని కొమాద్రే అంది. నేను రాయిని సోడాతో రెండుసార్లు కడిగి నా పాత నేత చీరలో చుట్టి ఉంచాను. ముఖం పైకి వచ్చేలా ఆవిడ ఒళ్లో పెట్టాను. చీర విప్పింది. నాలుక చాచిన ముఖాన్ని వేలితో తుడిచింది. తరవాత, నేను భయపడినట్టే, రాయిని నిలబెట్టి వెనక్కి తిప్పింది.

ఏడవలేదు, అరవలేదు. వేళ్లు గంట్ల మీద నడిపించింది. ఒక చోట ఆగి, మళ్లీ మొదటికి వెళ్లి, మళ్లీ నడిపించింది. చీకట్లో మెట్లు వెతుక్కుంటున్నట్టు. వంగి రాయి వాసన చూసింది. తలెత్తి పిల్లతో ఇంగ్లీషులో ఏదో అడిగింది. చెల్లెలు వంటింట్లోంచి కాఫీ కప్పులతో వచ్చి అక్కడే నిలబడిపోయింది.

"ఎవరు చేశారని అడుగుతోంది" అంది పిల్ల నా వైపు చూడకుండా.

అందరూ నా మొహమే చూస్తున్నారనిపించింది. నిజానికి ఎవరూ చూడలేదు.

"నాకు తెలీదని చెప్పు" అన్నాను.

పిల్ల సాక్సు కొనను బొటనవేలితో తొక్కుకుంటూ నిలబడింది. తరవాత ఆవిడ వైపు తిరిగి చిన్నగా నాలుగు మాటలు అంది. నాకు ఇంగ్లీషు రాదు గానీ ఆ నాలుగు మాటలూ ఆ ఇంట్లో రోజూ వినబడేవే. పాలు ఒలికినప్పుడు, తలుపు వేయడం మరిచినప్పుడు. నేనే చేశాను, సారీ అని.

నోరు తెరవడానికి నాకు వ్యవధి ఉంది. చెల్లెలు కప్పులు కింద పెట్టి, ఇంత ఎదిగినదానివి, నమ్మి ఇచ్చిన వస్తువు మీద సుత్తి ఆటలా అని పిల్లను తిట్టిన ఆ సేపంతా ఉంది. ఆవిడ పిల్ల తల మీద చెయ్యి వేసి, రాయిని మళ్లీ నా చీరలోనే చుట్టుకుని, పెట్టెలు మరిది కార్లో పెట్టించుకుని వెళ్లేదాకా ఉంది. నేను కాఫీ కప్పులు తీసి కడిగాను. నలుగురం తాగని కాఫీ, నాలుగు కప్పులూ నిండుగా.

ఆ సాయంత్రం పిల్ల స్నేహితురాలి ఇంట్లో నిద్రకు వెళ్లాల్సింది. చెల్లెలు వద్దంది. నెల రోజులు ఎక్కడికీ వెళ్లేది లేదంది. పిల్ల మేడ మెట్ల మీద కూర్చుని ఉంటే వెళ్లి పక్కన కూర్చున్నాను. జడ సరిచేయబోయాను. అది తల వంచి ఇచ్చింది.

"ఇట్స్ ఓకే పెద్దమ్మా" అంది. "నన్ను అయితే ఎవరూ పంపించరు కదా."

అంతా అల్లి రబ్బరు బ్యాండు పెట్టి లేచాను. అప్పుడు కూడా చెప్పలేదు.

మర్నాడు ఆదివారం. పొద్దున చెల్లెలు అద్దం ముందు తల దువ్వుకుంటోంది. గుమ్మంలో నిలబడి, ఆ రాయికి కక్కు కొట్టింది నేను, పిల్ల కాదు అన్నాను. దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది. పచ్చడి సంగతి, అమ్మగారికి చెప్పిన అబద్ధం, పిల్లతో అన్న మాట, వరసగా అన్నీ చెప్పాను. నన్ను పంపించేస్తే పంపించేయి అన్నాను. చెల్లెలు నా వైపు తిరగలేదు, అద్దంలోనే చూసింది.

"అదొక్కటి చాలా బాధగా ఉందే అక్కా" అంది. "నిన్ను పంపించేస్తామని మా పిల్లకు చెప్పావా?"

ఆవిడ ఇంటికి కార్లో తీసుకెళ్తాను, పిల్లను లేపుతాను, అది మాట్లాడుతుంది అంది. వద్దన్నాను. నా తప్పు పిల్ల నోటితో చెప్పించడం అప్పటికే ఒకసారి అయింది. సుత్తీ ఉలీ సరుకుల సంచిలో వేసుకుని, స్వెటర్ తొడుక్కుని ఒక్కదాన్నే నడిచాను. రోడ్డు పక్కన పాత మంచు మురికిగా ఉంది. నంబర్లు చదవడం రాదు కనుక ఆవిడ ఇల్లు పోల్చుకోవడానికి ముందురోజు మరిది చెప్పిన గుర్తే గుర్తు: ఆకుపచ్చ తలుపు, మెట్ల మీద విరిగిన కుండీ.

ఆవిడే తలుపు తీసింది. రాయి బల్ల మీద నిలబెట్టి ఉంది, ముఖం గోడ వైపు, వెనకవైపు గదిలోకి. నేను రాయిని దించి నేల మీద బోర్లించి పక్కన కూర్చున్నాను. సంచిలోంచి ఉలి తీసి ఒక గంటు మీద ఆనించాను. సుత్తి ఎత్తి, రాతికి తగలకుండా గాలిలో ఒక దెబ్బ వేశాను. జరిపి ఇంకో దెబ్బ. తరవాత సుత్తి పట్టిన చేత్తోనే నా గుండెను చూపించి, నేను అన్నాను, తెలుగులోనే. పిల్ల ఎత్తు చూపించి, కాదు అని తల అడ్డంగా ఊపాను.

కోపమో, ఇంకేమిటో, ఆవిడ మొహం చదవడం కూడా నాకు రాలేదు. మెల్లగా వచ్చి ఎదురుగా కూర్చుని నా చేతిలోంచి సుత్తి తీసి పక్కన పెట్టింది. నా చూపుడు వేలు పట్టుకుని రాతి అంచు దగ్గరికి తీసుకెళ్లింది. నా గంట్ల మధ్య ఒక వంపు మిగిలింది చూడండి, దాంట్లో పెట్టి తిప్పింది. అక్షరమేమిటో చెప్పలేదు. చెప్పినా నాకు తెలిసేది కాదు. గట్టిగా, నొప్పి పుట్టేలాగా తిప్పింది. ఒకసారి కాదు, మూడుసార్లు. నేను వేలు వెనక్కి తీసుకోలేదు.

తరవాత లేచి తలుపు తీసి పట్టుకుంది. సుత్తీ ఉలీ అక్కడే వదిలేసి బయటికి వచ్చాను. కొమాద్రే అని వెనక నుంచి పిలుస్తుందేమోనని మెట్ల మీద ఒక్క క్షణం ఆగాను. పిలవలేదు. ఇంటికి నడిచి వచ్చి, స్వెటర్ అయినా విప్పకుండా మేడ ఎక్కి, నేనే ఒప్పుకున్నానని చెప్పడానికి పిల్లను నిద్ర లేపాను.